ఉక్కు గాజు

బంగారు గాజు చేతికి తీసుకోగానే మనం ఏం చూస్తాం? బరువు చూస్తాం, పనితనం చూస్తాం. తర్వాత మెల్లిగా దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అతుకు ఎక్కడుందో వెతుకుతాం. అతుకు కనిపించకపోతే అవుసలాయన చెయ్యి మంచిదని మెచ్చుకుంటాం. కనిపిస్తే గాజును పక్కన పెట్టేస్తాం. విరిగేది ఎప్పుడూ అతుకు దగ్గరేనని మనకు ఏ బళ్ళోనూ చెప్పలేదు. అయినా తెలుసు.

ఈ వారం నేను చెప్పబోయేది కూడా ఒక గాజు కథే. కాకపోతే ఇది ఉక్కు గాజు. చుట్టుకొలత ఏడెనిమిది అడుగులుంటుంది, ఒక అంచున పళ్ళుంటాయి. రెండు చక్రాల మీద గిర్రున తిరుగుతూ కట్టెను కోస్తుంది. సామిల్లుల్లో, వడ్రంగం షాపుల్లో దాన్ని బ్యాండ్ సా అంటారు. "ఆడవాళ్ళ పేజీల్లో రంపం గోల ఏమిటమ్మా!" అని విసుక్కోకండి. ఈ రంపం అతుకు వెనకాల ఒక ఆడమనిషి ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళే ముందు మీకు కాస్త మా బచ్చన్నపేట చూపించాలి.

బచ్చన్నపేట మా అత్తగారి ఊరు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది. ఇత్తడి పనికి పేరుపడ్డ పెంబర్తి ఎంతో దూరం కాదు. నకాశీ బొమ్మల చేర్యాల ఇంకా దగ్గర. వానలకు కరువేమో గాని చేతిపనికి కరువు లేని నేల. మా ఆడబిడ్డ అక్కడే ఉంటుంది, చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ప్లాస్టిక్కు బొమ్మలు రెండు రోజులకే ముక్కలవుతున్నాయి, ఏనుగూ నెమలీ ఎడ్లబండీ కట్టెతో నేనే చేసి పిల్లలకిస్తానని ఏడాదిగా పట్టుబట్టింది. ఒకప్పుడు ఎడ్లను కట్టేసిన కొట్టం ఇప్పుడు ఖాళీగా ఉంది. అందులో చిన్న వడ్రంగం కొట్టు పెట్టుకుంటుందట.

"వదినె, నువ్వు పుస్తకాలు రాసేదానివి గదా. గీ కోత మిషన్ల సంగతి జర సదివి చెప్పరాదు? ఏది కొనాల్నో సమజైత లేదు" అంది ఒకరోజు ఫోనులో.

నేను చదివింది బి.ఏ. మోటారు గురించి నాకు తెలిసిందల్లా అది కాలిపోయినప్పుడు వచ్చే వాసన! కాని ఏ వస్తువుకైనా ఒక చరిత్ర ఉంటుంది. ఆ వస్తువు ఎక్కడ ఎన్నాళ్ళు తంటాలు పెట్టిందో తెలిస్తే, కొనేటప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. అందుకని దుకాణాల కంటే ముందు చరిత్రనే అడిగాను.

మొదట వెళ్ళింది మా ఊరి వడ్ల తాత దగ్గరికి. ఎనభై దాటిన మనిషి. బాడిస, ఉలి, చిత్రిక ఇప్పటికీ నూనె రాసి గూట్లో పెట్టుకున్నాడు. ఆయన పడుచుతనంలో దుంగ కోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దుంగను గుంజల మీదికి ఎత్తి, ఒకడు పైన నిలబడి, ఒకడు కింద నిలబడి, నిలువెత్తు రంపాన్ని పైకీ కిందికీ లాగాలి.

"నేను మీదోణ్ణి, మా తమ్ముడు కిందోడు. మీదోనికి గీత కనవడతది బిడ్డా, కిందోనికి పొట్టే కనవడతది" అన్నాడు తాత. తమ్ముడు పోయి చాలా ఏళ్ళయింది. కళ్ళలో పొట్టు పడకుండా తువ్వాల ముఖానికి ఎట్లా చుట్టుకునేవాడో తాత చేత్తో చేసి చూపించాడు.

వాళ్ళ నాయన కాలం ఇంకా వేరు. అది నిజాం పాలన. రైతులు పంటలో మేర కొలిచి వడ్రంగికి ఇచ్చేవారు. దొర గడీకి మాత్రం నాగళ్ళూ బండ్లూ ఊరికే చేసిపెట్టాలి. దానికే వెట్టి అని పేరు. ఆ వెట్టికి ఎదురు తిరిగిన నేల ఇదే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలైన కడవెండి కూడా జనగామ ప్రాంతానిదే. పాత గడీల తలుపులు చూసి ఇవాళ అబ్బురపడతాం. ఏ దొర కట్టించాడో ఊళ్ళో అందరూ చెబుతారు. ఆ తలుపు చేసిన వడ్రంగి పేరు అడగండి, ఎవరూ చెప్పలేరు.

"అన్నిట్ల కష్టమైన పని ఏది తాతా?" అని అడిగాను.

"వంపు. తిన్నగ కోసుడు బలంతోటైతది. వంపుకు ఓపిక గావాలె."

బండి చక్రం తలుచుకోండి. నడుమ కుంభం, దాని చుట్టూ ఆకులు, ఆకుల చివర్లను కలుపుతూ వంపు చెక్కలు, ఆపైన ఇనుప పట్టా. ఆ వంపు చెక్క ఒక్కొక్కదాన్నీ తిన్నని మొద్దులోంచి బాడిసతో చెక్కి తీసేవారు. చెక్క ముక్కకు ఎంత కట్టె మిగిలేదో, కింద పేళ్ళుగా అంత కట్టె పోయేది. వంపుగా కోసే రంపం కోసం మన ఊళ్ళే కాదు, ప్రపంచమంతా ఎదురుచూసింది.

గుండ్రటి రంపం వచ్చింది గాని వంపు బాధ తీర్చలేదు. పళ్ళెం లాంటి బిళ్ళ ఎంత వేగంగా తిరిగినా అది కోసేది తిన్నని గీతే. ఆ రంపం గురించి అమెరికాలో ఒక ముచ్చటైన కథ ఉంది. టాబితా బాబిట్ అనే షేకరు మత సోదరి, ఇద్దరు మగవాళ్ళు రంపం లాగుతుంటే చూసి, వెనక్కి లాగేటప్పుడు సగం శ్రమ వృథా అవుతోందని గమనించి, 1810 ప్రాంతంలో తన రాట్నానికి పళ్ళ బిళ్ళ తగిలించి కట్టె కోసిందట. చరిత్రకారులు దీన్ని అందరూ ఒప్పుకోరు. అంతకుముందే 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనే ఆయన గుండ్రటి రంపానికి పేటెంటు తీసుకున్నాడు. బాబిట్‌కు పేటెంటు కాయితం లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కాయితం లేని చోట కథ ఎంత బాగున్నా కథే.

ఇక మన ఉక్కు గాజు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, 1808-09 ప్రాంతంలో, లండనులో విలియం న్యూబెరీ దీనికి పేటెంటు పొందాడు. ఆలోచన చక్కనిది. పలుచని ఉక్కు పట్టీకి పళ్ళు కోసి, రెండు కొసలూ కలిపి వలయంగా చేసి, పైన ఒక చక్రం, కింద ఒక చక్రం పెట్టి తిప్పడం. ముందుకూ వెనక్కూ లాగే పని లేదు. పట్టీ సన్నం కాబట్టి కట్టెను ఎటు తిప్పితే అటు కోస్తుంది. వంపు చిక్కు తీరినట్టే గదా!

తీరలేదు. అతుకు దగ్గర పుటుక్కున తెగేది. ఇప్పటి 14 అంగుళాల మిషను లెక్క చెబుతాను, సంగతి మీకే తెలుస్తుంది. దాని పట్టీ పొడవు 93 అంగుళాల పైచిలుకు, అంటే ఎనిమిది అడుగులకు కొద్దిగా తక్కువ. వేగం నిమిషానికి సుమారు 3000 అడుగులు. అంటే అతుకు నిమిషానికి 380 సార్లు చుట్టి వస్తుంది. చుట్టు చుట్టుకూ పైచక్రం మీద ఒకసారి, కిందిచక్రం మీద ఒకసారి వంగి లేస్తుంది. నిమిషంలో 760 వంపులు! అతకడానికి కాల్చితే ఆ చోట ఉక్కు గుణం మారిపోతుంది. మెత్తబడితే సాగుతుంది, పెళుసైతే విరుగుతుంది. న్యూబెరీ తర్వాత కూడా ఈ రంపం మీద పనిచేసినవాళ్ళున్నారు. అమెరికాలో 1836లో బెంజమిన్ బార్కర్ పేటెంటు తీసుకున్నాడు. కాని నమ్మదగ్గ అతుకు మాత్రం కుదరలేదు. ఇంచుమించు నలభై ఏళ్ళు ఈ రంపం కాయితం మీదే తిరిగిందన్నమాట.

ఆ అతుకు కుదిర్చింది ఫ్రాన్సు దేశపు మహిళ ఆన్ పోలిన్ క్రెపిన్. ఉక్కు పట్టీ కొసలను నిలిచేటట్టు అతికే పద్ధతి కనిపెట్టి 1846లో పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. ఆ రోజుల ఫ్రాన్సు ఎలాంటిదో గుర్తు చేస్తాను. 1804 నాటి నెపోలియన్ చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. అలాంటి దేశంలో, ఇనుమూ నిప్పూ మగవాళ్ళవే అనుకునే కాలంలో, ఒక స్త్రీ ఉక్కు అతుకు మీద హక్కు రాయించుకుంది. కొంతకాలానికే ఆ హక్కును పారిస్‌లోని పెరిన్ కంపెనీకి అమ్మింది. పెరిన్ వాళ్ళు ఆమె పద్ధతికి కొత్త రకం ఉక్కునూ, మెరుగైన పదును పెట్టే విధానాన్నీ జోడించారు. అక్కడి నుంచే ఇప్పటి బ్యాండ్ సా పుట్టింది. పెద్ద పెద్ద దుంగలు కోసే మిల్లుల దాకా వెళ్ళింది. రంపాల చరిత్రలో పెరిన్ పేరు దిట్టంగా కనిపిస్తుంది. క్రెపిన్‌కు దక్కేది ఒక వాక్యం, మహా అయితే రెండు. గడీ తలుపు చేసినవాడికి ఆ ఒక్క వాక్యమూ దక్కలేదు. ఈమెకైనా పేటెంటు కాయితం దన్నుగా నిలిచింది.

మిల్లులో ఉన్న ఈ రంపం ఇళ్ళలోకి వచ్చింది అమెరికాలో. 1919లో హెర్బర్ట్ టౌట్స్ మిల్వాకీలో మొదలుపెట్టిన డెల్టా కంపెనీ ఇంటి వడ్రంగం కోసం చిన్న చిన్న యంత్రాలు చేసింది. 1930ల్లో వచ్చిన వాళ్ళ 14 అంగుళాల బ్యాండ్ సా అచ్చును ఆ తర్వాత ఎన్నో దేశాల కంపెనీలు అనుసరించాయి. ఇవాళ మన సికింద్రాబాదు రాణిగంజ్ దుకాణాల్లో కనిపించే చిన్న మిషన్లలో చాలా వాటికి ఆ పోలిక ఉంటుంది.

సరే, ఇంతకీ మా ఆడబిడ్డకు ఏం చెప్పాను?

మొదటి సంగతి, అంగుళాల మాట. 9 అంగుళాలు, 10 అంగుళాలు, 14 అంగుళాలు అని చెప్పేది చక్రం అడ్డుకొలత. పట్టీకీ మిషను స్తంభానికీ మధ్య దొరికే చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. అంతకంటే వెడల్పు చెక్క ఆ సందులో పట్టదు. ఎంత మందం కట్టెను కోస్తుందన్నది వేరే లెక్క. బల్ల మీద పెట్టుకునే చిన్న మిషన్లయితే మూడు నాలుగు అంగుళాలు, 14 అంగుళాల పాత అచ్చు మిషనైతే ఆరు అంగుళాలు. అడిగేటప్పుడు రెండూ విడివిడిగా అడగాలి. అంగుళం, రెండంగుళాల పలకలతో బొమ్మలు చేసేవాళ్ళకు 10 అంగుళాల మిషను, అర హార్సుపవరు మోటారు సరిపోతాయి. అవి మామూలు ఇంటి కరెంటుతో నడుస్తాయి.

రెండోది పట్టీ వెడల్పు. ఇక్కడ మనం కుట్టుమిషను నేర్చినవాళ్ళం గనక తొందరగా అర్థమవుతుంది. పావు అంగుళం పట్టీతో అంగుళంపావు అడ్డుకొలత ఉన్న వలయం దాకా తిప్పి కోయొచ్చు. అర అంగుళం పట్టీకి ఆ వలయం అయిదంగుళాలైనా ఉండాలి. అంటే ఏనుగు తొండానికి సన్న పట్టీ, తిన్నని పలకకు వెడల్పు పట్టీ. పళ్ళ సంగతి కూడా ఉంది. ఏ క్షణంలో చూసినా కట్టెలో కనీసం మూడు పళ్ళు ఉండాలి. కాబట్టి పలుచని చెక్కకు దగ్గర పళ్ళు, మందం కట్టెకు దూరం పళ్ళు. జాకెట్టు మెడ తిప్పేటప్పుడు వంపు ముడుచుకోకుండా అంచున చిన్న చిన్న గాట్లు పెడతాం చూడండి, ఇక్కడా అంతే. బిగువైన వంపు కోసే ముందు బయటి వైపు నుంచి గీత దాకా నాలుగు గాట్లు కోసి పెట్టుకుంటే, పనికిరాని ముక్కలు తమంతట తామే రాలిపోతాయి, పట్టీ ఇరుక్కోదు. ఒక్కటి మాత్రం ఈ మిషను చేయలేదు. గాజును విరగ్గొట్టకుండా పూసలోంచి దూర్చలేం గదా! బొమ్మ లోపలి కన్ను తొలవాలంటే బరమా కావాల్సిందే.

మూడోది అతుకు. పట్టీ కొనేటప్పుడు, లేదా మిషను ఆపి కరెంటు తీసేసిన తర్వాత, పట్టీ వీపు మీద జాగ్రత్తగా గోరు జార్చి చూడాలి. అతుకు దగ్గర గోరు తట్టుకోకూడదు. మిషను నడిచేటప్పుడు క్రమం తప్పకుండా టక్ టక్ మని చప్పుడొస్తే అతుకు ఎత్తుగానైనా ఉంది, లేదా ఎక్కడో చిట్లిందనైనా అర్థం. వెంటనే ఆపేయాలి. పని అయిపోయాక పట్టీ బిగువు వదిలెయ్యాలి. వీణ తంతికీ దీనికీ ఆ విషయంలో తేడా లేదు.

మా అత్తగారికి ఈ లెక్కలేవీ పట్టలేదు. "మొగోళ్ళ పని నీకెందుకు బిడ్డా? యేలు తెగితే ఎవడు తెచ్చిస్తడు?" అంది కూతురితో. మొదటి వాక్యం సంగతి ఎలా ఉన్నా రెండో వాక్యం నూటికి నూరుపాళ్ళు నిజం. పెద్ద మాంసం దుకాణాల్లో ఎముకలు కోసేది ఇదే జాతి రంపం. గుండ్రటి రంపంలా కట్టెను మన మీదికి విసరదు, కట్టెను బల్లకేసి అదిమి కోస్తుంది. అందుకే ఇంటి కొట్టుకు ఇది నయమంటారు. కాని వేలికీ కట్టెకూ దానికి తేడా తెలియదు. పట్టీ కప్పు కట్టెకు పావు అంగుళం పైదాకా దించాలి. చెయ్యి ఎప్పుడూ పట్టీ దారిలో ఉండకూడదు, చివరి రెండంగుళాలు కట్టెపుల్లతో తోయాలి. గుండ్రటి కొమ్మను ఉత్త చేత్తో పట్టి కోయకూడదు, గిర్రున తిరిగి చేతిని లాగేస్తుంది. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ ఉండాలి. జడ ముడేసుకోవాలి, చున్నీ తీసేయాలి. గాజులు కూడా తీసేయాలి.

చివరి మాట దగ్గర ఇల్లంతా ఆగిపోయింది. పెళ్ళయిన ఆడపిల్ల పొద్దున్నే చేతుల గాజులు తీసి రంపం ముందు కూర్చోవడమా? మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మా ఆడబిడ్డ కూడా వాదించలేదు. "గాజులుంటె నేను మిషను ముట్టనమ్మా, మిషనుంటె గాజులు ముట్ట. నువ్వే చెప్పు" అని ఊరుకుంది.

మూడో రోజున అత్తగారే అడిగింది, "పనైనంక మళ్ళ ఏసుకుంటవు గదా?" అని.

రాణిగంజ్‌కు ముగ్గురం వెళ్ళాం. అక్కడొక దుకాణంలో అమ్మేవాడు మొదటి పావుగంటా మా ఆయనతోనే మాట్లాడాడు. "సార్, ఎంత హెచ్.పి. కావాలి సార్?" మా ఆడబిడ్డ, "పట్టీ వంకర పోకుండా పట్టుకునే బేరింగులు చూపించు. వెనకాల ఆనుకునే బేరింగు కూడా ఉండాలె. ఈ బ్లేడు అతుకు ఎక్కడ?" అని అడిగింది. అతను అప్పుడు ఆమె వైపు తిరిగాడు. చక్రం మీది రబ్బరు చూపించాడు, బల్ల ఎటూ ఊగకుండా ఉందో లేదో ఒత్తి చూడమన్నాడు, రెండు పట్టీలు వెనక్కి తీసి మూడోది ఇచ్చాడు. మోటారు బలం గురించి ఎవరైనా అడుగుతారు. అతుకు గురించి అడిగినవాళ్ళను మోసం చేయడం కష్టం.

ఇంకో మాట. దుంగలు కోసే సామిల్లులకు ఉమ్మడి రాష్ట్రంలో 1969 నుంచే అటవీశాఖ నిబంధనలున్నాయి. ఇంట్లో పలకలు కోసుకునే చిన్న మిషనే అయినా, కొనే ముందు దగ్గరి అటవీశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది. అడిగినందుకు పోయేదేమీ లేదు.

ఇప్పుడు కొట్టంలో మిషనుంది. మొదటి రోజు వడ్ల తాతను కూర్చోబెట్టి చూపించాం. పిల్లల చేతికి బరువు కాకుండా తేలికైన పొణికి కట్టె తెచ్చింది మా ఆడబిడ్డ. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు పేరు తెచ్చిన కట్టె అది. పెన్సిలు గీత వెంట పట్టీ మెత్తగా తిరుగుతుంటే తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయన చూసింది కోతను కాదు, కింద రాలుతున్న పొట్టును. "గింతేనా?" అన్నాడు. పట్టీ సన్నం కాబట్టి పొట్టు కొంచెమే పోతుంది. ఆ కొంచెం కూడా సంచిలో పడుతోంది. చేర్యాలలో పొట్టూ చింతగింజల జిగురూ కలిపి బొమ్మలు, ముసుగులు చేస్తారు కదా, సంచి నిండగానే అక్కడికి పంపాలని మా ఆడబిడ్డ ఆలోచన.

మొట్టమొదట కోసింది ఏనుగూ కాదు, నెమలీ కాదు. ఒక చిలక్కొయ్య. పేరుకు తగ్గట్టు ముక్కూ తోకా ఉన్న అసలైన చిలక. దాన్ని తలుపు పక్కన గోడకు కొట్టించింది మా అత్తగారే. పొద్దున కొట్టంలోకి వెళ్ళేటప్పుడు మా ఆడబిడ్డ గాజులు దానికి తగిలిస్తుంది. మధ్యాహ్నం మిషను ఆగిన చప్పుడు వినగానే అత్తగారు వాటిని తీసి కొంగుతో తుడిచి పట్టుకుని నిలబడుతుంది.